సొరుగులో పన్నెండు ఫోన్లు

ఆ గురువారం ఉదయం చేవెళ్ల దవాఖానలో వేసుకున్న పథకం చాలా చిన్నది. కృష్ణవేణి పది గంటలకు కారులో దగ్గర్లోని ప్రొద్దుటూరు వెళ్లాలి, పేషెంటు సంగయ్యను ఎక్కించుకోవాలి, పదకొండున్నరకల్లా మొయినాబాద్ రిసార్టులో దించాలి. అక్కడ మందుల కంపెనీ వాళ్లు సంగయ్యకు శాలువా కప్పుతారు, డాక్టర్ ముకుందానికి జ్ఞాపిక ఇస్తారు. భోజనంలో మూడు రకాల స్వీట్లు ఉంటాయని ఆహ్వానంలోనే వేశారు. ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదని అందరూ అనుకున్నారు.

ముకుందానిది ఇరవై పడకల సొంత దవాఖాన. మోకాళ్ల నొప్పికి కంపెనీ తయారుచేసిన కొత్త మాత్రను మనుషుల మీద పరీక్షించే పని ఆయన ఒప్పుకున్నాడు. పన్నెండు మంది పేషెంట్లు చేరారు. వాళ్లలో సగం మందికి అసలు మాత్ర, సగం మందికి ఉత్త పిండి మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది వెళ్తోందో కంప్యూటరుకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఈ పన్నెండు మందినీ కనిపెట్టుకుని ఉండే ఉద్యోగం కృష్ణవేణిది.

కనిపెట్టుకోవడం అంటే పోర్టళ్లు నింపడం. కంపెనీ ఏడు పోర్టళ్లు ఇచ్చింది. రక్తపరీక్షలకు ఒకటి, మందు డబ్బాలకు ఒకటి, పేషెంట్ల డైరీకి ఒకటి, ఇలా ఆరు. ఆ ఆరూ సరిగ్గా నింపుతున్నారా లేదా అని చూడటానికి ఏడోది. ఏడింటికీ ఏడు పాస్‌వర్డులు, మూడు నెలలకోసారి మార్చాలి. వాటిని ఆమె గోడ క్యాలెండరు వెనక రాసుకుంది. ముకుందం పాస్‌వర్డు కూడా అక్కడే ఉంది. ఇన్ని నెలల్లో ఆ మహానుభావుడు ఒక్క పోర్టలూ స్వయంగా తెరిచిన పాపాన పోలేదు.

డైరీ పోర్టల్ కోసం ప్రతి పేషెంటుకూ ఒక ఫోను ఇచ్చారు. రోజూ పొద్దున నొప్పి ఎంత, కాళ్ల వాపు ఉందా, ఆయాసం ఉందా అని ఐదు ప్రశ్నలు అడుగుతుంది. పేషెంటే జవాబు నొక్కాలి. మొదటి నెలలో ఒక ఫోను అల్లుడి జేబులోకి వెళ్లింది. ఇంకొకటి బర్రెల కొట్టంలో పాటలు పాడింది. సంగయ్య తన ఫోనును దొంగలెత్తుకుపోతారని బియ్యం డబ్బాలో దాచాడు. జవాబు రాని రోజున పోర్టల్‌లో ఆ పేరు ఎర్రబడేది. ఎర్రబడిందంటే కంపెనీ నుంచి ఒక ఉత్తరం, ఆ తర్వాత స్వప్నిక నుంచి మూడు ఫోన్లు. స్వప్నిక కంపెనీ తరఫున ఈ దవాఖాన మీద నిఘా ఉంచే మనిషి.

విసిగిపోయి కృష్ణవేణి పన్నెండు ఫోన్లూ వెనక్కి తెచ్చుకుని సొరుగులో పెట్టుకుంది. మొదట్లో రోజూ అందరికీ ఫోన్ చేసి అడిగి నొక్కేది. తర్వాత వారానికోసారి అడిగింది. ఎలాగూ అందరూ "మంచిగనే ఉన్న బిడ్డా" అనే అంటున్నారు కదా అని ఆ తర్వాత అడగడమే మానేసింది. పొద్దున తొమ్మిదింటికి చాయ్ తాగుతూ పన్నెండు మంది ఆరోగ్యాన్నీ తానే నొక్కేసేది. చెడ్డ మనిషి కాదు. ఏడు పోర్టళ్లకు ఒక్కతే మనిషి. ఆ గురువారం కూడా సంగయ్యకు నొప్పి తక్కువ, వాపు లేదు, ఆయాసం లేదు అని నొక్కి సొరుగుకు తాళం వేసింది.

పోర్టల్ మురిసిపోయింది. నూట ఎనభై రోజులు ఒక్క పూటా తప్పకుండా డైరీ రాసిన పేషెంట్లు ఈ చుట్టుపక్కల ఇంకే దవాఖానలోనూ లేరని, ఆ పన్నెండు మందిలో వయసులో పెద్దవాడైన సంగయ్య పేరు పైకి తేల్చింది. అందుకే ఈ శాలువా.

"ఆయినెతోని ఒక్క మాట చెప్పియ్యాలె కృష్ణవేణీ," అన్నాడు ముకుందం రిసార్టుకు బయల్దేరుతూ. "'రోజు నేనే నింపుత' అని. గంతే. ఇంకేం మాట్లాడొద్దను."

డ్రైవరు భూపాల్ ప్రొద్దుటూరులో కారు ఆపేసరికి సంగయ్య అరుగు మీద గోడకు చేరబడి కూర్చుని ఉన్నాడు. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. మాటకు మాటకు మధ్య నోరు తెరిచి గాలి వెతుక్కుంటున్నాడు.

"ఏమైంది బాపూ?" అంది కృష్ణవేణి.

"పండుకుంటె... ఊపిరాడ్తలేదు బిడ్డా. నాలుగు రోజులాయె... కూసునే ఉంటున్న."

"మరి నాకెందుకు చెప్పలే?"

జవాబు ఆయన భార్య వసంతమ్మ చెప్పింది. "ఏమన్నయితె ఆ ఫోన్ల నొక్కుమన్నవ్. ఆ ఫోనేమో నీ తాన్నే ఉండె. సోమవారం నేనే చేవెళ్లకొచ్చిన. నువ్వు లేకుంటివి. డాక్టర్ సారు నువ్వు తెరిచిపెట్టి పోయిన కంప్యూటర్ల జూశి, అంత మంచిగనే ఉన్నది, రోజు రాస్తనే ఉన్నడు, ఫికర్ చెయ్యకు అన్నడు. ఎవరు రాస్తున్నరమ్మా? ఈయినెకు సదువే రాదాయె!"

కృష్ణవేణికి అర్థమైంది. సారు చూసిన ఆరోగ్యం సంగయ్యది కాదు, తను చాయ్ తాగుతూ నొక్కింది. వెంటనే ముకుందానికి ఫోన్ చేసింది.

"సార్, సంగయ్య బాపుకు సీరియస్‌గున్నది. సీదా సిటీకి తీస్కపోత."

"ఎట్లయినా మొయినాబాద్ మీది నుంచే కదా పోవాలె," అన్నాడాయన. "ఇక్కడ నలభై మంది డాక్టర్లున్నరు. ఇంతకంటె పెద్ద దవాఖాన యాడ దొరుకుతది? రెండు నిమిషాల్ల శాలువా అయిపోతది, పంపిద్దాం."

ఆమె సరేనంది. ఆ సరే అన్నందుకు తర్వాత తనను తాను చాలాసార్లు తిట్టుకుంది.

రిసార్టు హాల్లో సంగయ్యను పూలు చుట్టిన కుర్చీలో కూర్చోబెట్టారు. శాలువా కప్పారు. స్వప్నిక మైకు ఆయన నోటి దగ్గర పెట్టి, "ఎలా ఉన్నారు సంగయ్యగారూ?" అంది.

"ఊపిరాడ్తలేదమ్మా," అన్నాడు సంగయ్య మైకులో.

నాలుగు వరసల దాకా వినిపించింది. ముకుందం లేచి, "స్టేజీ భయం," అన్నాడు. అందరూ ధైర్యం చెబుతున్నట్టు చప్పట్లు కొట్టారు. స్వప్నిక తన ఫోన్లో పోర్టల్ తెరిచి చూసి, "పొద్దున తొమ్మిదింటికి ఆయాసం లేదని మీరే రాశారు కదండీ," అంది మర్యాదగా.

"నేను రాసుడేంది," అంటూ సంగయ్య కుర్చీలో పక్కకు ఒరిగాడు. అప్పుడు చప్పట్లు ఆగాయి.

నలభై మంది డాక్టర్లు లేచి నిలబడ్డారు గానీ ఎవరూ ముందుకు రాలేదు. ఒకరి పేషెంటును ఇంకొకరు ముట్టుకుంటే దానికి వేరే ఫారం నింపాలి. ముకుందమే వచ్చి నాడి చూసి తెల్లబోయాడు. ఏ మాత్ర మింగుతున్నాడో తెలియకుండా ఏ మందూ ఇవ్వకూడదని స్వప్నిక గుర్తుచేసింది. అలాంటి ఆపదలో గుట్టు విప్పడానికి మందు డబ్బాల పోర్టల్‌లో ఒక మీట ఉంది. నొక్కాల్సింది డాక్టరే. డాక్టరుకు తన పాస్‌వర్డు తెలియదు. కృష్ణవేణి గుర్తుచేసుకుని చెప్పేసరికి పది నిమిషాలు పోయాయి.

పోర్టల్ తెరుచుకుని కారణం అడిగింది. ఆయాసం అని కొట్టారు. డైరీలో ఈ రోజు ఆయాసం లేదని ఉంది, ముందు పేషెంటు తన ఫోను నుంచి డైరీ సరిచేయాలి అంది పోర్టల్. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే.

"ఫోన్ ఏది?" అంది స్వప్నిక.

"దవాఖానల మర్చిపోయి వచ్చిండు," అన్నాడు ముకుందం గబుక్కున. "భూపాల్, జల్ది పోయి తీస్కరా!"

కృష్ణవేణి తాళంచెవి ఇచ్చింది. సంగయ్యను సిటీకి తీసుకెళ్లాల్సిన కారు సంగయ్య ఫోను కోసం చేవెళ్లకు వెళ్లింది. నూట ఎనిమిదికి ఫోన్ చేద్దామని ఎవరో అంటే, "మా కారు వస్తనే ఉన్నది," అన్నాడు ముకుందం. వసంతమ్మ కొంగుతో మొగుడికి విసురుతూ అరిచింది.

"ఇంతమంది డాక్టర్లున్నరు, ఒక్కలన్న సూది ఎయ్యరేందయ్యా! ఫోన్ బతుకుతె ఈయిన బతుకుతడా?"

భూపాల్ ముప్పావుగంటకు తిరిగొచ్చాడు. ఏ ఫోనో తెలియక పన్నెండూ సంచీలో వేసుకొచ్చి బల్ల మీద కుమ్మరించాడు. స్వప్నిక వాటి వెనక అంటించిన పేర్లు ఒక్కొక్కటే చదివింది. కృష్ణవేణి సంగయ్య ఫోను వెతికి తీసి, ఆయాసం ఉందని నొక్కబోయింది. "ఈ రోజు మీ వివరాలు పొద్దునే అందాయి. ధన్యవాదాలు. రేపు మళ్లీ రండి," అంది ఫోను.

కృష్ణవేణికి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. మైకు అక్కడే ఉంది. "నేనే రాసిన," అంది. "పన్నెండు మందియి ఆర్నెల్ల సంది నేనే రాసిన. ఈయిన ఫోన్ ముట్టనే లేదు. ఈయినకు ఆయాసమున్నది, కాళ్లు వాసినయి. గిది రాసుకోండి మీ పోర్టల్ల! భూపాలన్నా, పట్టు, కార్ల పండవెడ్దాం."

"పండవెట్టకు," అంది వసంతమ్మ. "కూసోవెట్టు."

నగరంలోని దవాఖానలో డాక్టర్లు ఏ పోర్టలూ తెరవకుండానే సూది వేశారు. ఒంట్లో నీరు చేరి గుండె అలిసిపోయిందని, రెండు గంటల ముందు తెస్తే బాగుండేదని అన్నారు. మూడో రోజు తెల్లవారుజామున సంగయ్య కూర్చునే పోయాడు.

కృష్ణవేణి ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది. దానికి ఆమె ఏడవలేదు. నాలుగు పేజీల్లో జరిగిందంతా రాసి, కింద సంతకం పెట్టి కంపెనీకి పంపింది. తన ఉద్యోగం పోతే పోయింది, సంగయ్యకు ఏమైందో ఆ మాత్ర పేరు పక్కన ఎక్కాలి, మిగతా పదకొండు మందిని పిలిచి పరీక్షించాలి అన్నదే ఆమె ఆశ. తప్పు ఒప్పుకుంటే నిజం దానంతటదే నిలబడుతుందని ఆమె పెరిగిన ఇంట్లో చెప్పేవారు.

పది రోజులు గడిచాక జవాబు వచ్చింది. ఆమె నిజాయితీని కంపెనీ మెచ్చుకుంది. ఆమె మాట ప్రకారం సంగయ్య డైరీ అబద్ధం. డైరీ అబద్ధమైన పేషెంటు వివరాలేవీ నమ్మదగినవి కావు. అందుచేత ఆయన పేరును అధ్యయనం నుంచి మొదటి రోజుతో సహా తొలగించారు. పేషెంటే కాని మనిషికి వచ్చిన ఆయాసం మాత్ర వల్ల వచ్చిందో లేదో చూసే అవసరం ఇక లేదు. తక్కిన పదకొండు మంది డైరీల మీద ఏ పేషెంటూ ఫిర్యాదు చేయలేదు కాబట్టి అవి నిజమేనని భావించారు. చేవెళ్ల దవాఖానలో ఇప్పటి వరకు ఒక్క దుష్ఫలితం కూడా లేదని ఏడో పోర్టల్ చూపించింది.

ఆ అధ్యయనంలో ఎన్నడూ లేని సంగయ్యకు ఆ రోజే ప్రొద్దుటూరులో దినాలు చేశారు.