కొచ్చుతురుత్తు లాంచీకి నాలుగువేల మంది

కొచ్చుతురుత్తు లాంచీ ప్రయాణికుల సంఘం వారి ఆన్‌లైన్ చర్చావేదికలో సభ్యుల సంఖ్య నాలుగువేలు దాటిన చరిత్రాత్మక ఘట్టాన్ని పురస్కరించుకుని, సంఘం అధ్యక్షులు శ్రీ పొన్నప్పన్ గారు ప్రజలనుద్దేశించి ప్రసంగించారు. ప్రజలంటే, రేవు పక్క టీకొట్లో ఆ సమయానికి ఉన్న ఐదుగురు. అందులో ఒకరు కొట్టు యజమాని.

"ప్రపంచం మనవైపు చూస్తోంది! రష్యా వాళ్ళు చేరారు, బ్రెజిల్ వాళ్ళు చేరారు. ఇదంతా ఎవరి నాయకత్వ ఫలితమో నా నోటితో నేను చెప్పుకోను" అని, ఎవరైనా చెప్తారేమోనని కాసేపు ఆగారు.

అందరూ టీ గ్లాసులు గట్టిగా పట్టుకున్నారు. చప్పట్లు కొడితే టీ ఒలుకుతుందని ఊరుకున్నారు.

బాతుల్ని కలుపుకున్నా కొచ్చుతురుత్తు లంకలో నాలుగువేల ప్రాణులుండవు. అంత అల్పమైన లెక్కలు అధ్యక్షులవారి స్థాయికి తగవు కాబట్టి, ఆ లెక్కలేవో తంకమణి వేసుకుని కంగారుపడుతోంది.

తంకమణి అవతలి ఒడ్డున పట్నం ఆసుపత్రిలో నర్సు. పొద్దుటి లాంచీ అందుకుంటేనే ఉద్యోగం, లేకపోతే లేదు. ఆ ఫోరం పెట్టింది కూడా ఆవిడే. లాంచీ బయల్దేరిందా, ఇంజను మొరాయించిందా, నీటి మీద పేరుకున్న గుర్రపుడెక్కలో చిక్కుకుందా అని ముప్పైమంది ఒకరికొకరు చెప్పుకోడానికి పెట్టింది. తర్వాత చేరినవాళ్ళు అసలు మనుషులే కారు. స్పామ్ బాట్లు. ఎక్కడో కంప్యూటర్లలో నడిచే ప్రోగ్రాములు, మనుషుల పేర్లు పెట్టుకుని కనబడిన ప్రతి ఫోరంలోనూ దూరి, మోకాళ్ళ నొప్పుల తైలమూ జూదమూ అమ్ముకుంటాయి.

అదే సమయంలో లాంచీల శాఖ ఒక ప్రకటన చేసింది. ఆదరణలేని సర్వీసులను ప్రజాభిప్రాయం మేరకు రద్దు చేస్తారట. కొచ్చుతురుత్తు పొద్దుటి లాంచీ మీద అభిప్రాయాలు ఫోరంలోనే రాస్తే అధికారులు చదువుకుంటారట.

ముప్పైమందీ రాశారు. బాతుగుడ్లు అమ్మే ఏలియమ్మ తంకమణి చేత రాయించింది: "లాంచీ ఆపితే నా గుడ్లు నువ్వొచ్చి కొంటావా?"

దాని కింద జెన్నిఫర్ 88 అనే సభ్యురాలు వెంటనే స్పందించింది: "అద్భుతమైన పోస్టు, ప్రియమిత్రమా! లాంచీ రద్దు గురించి చాలా చక్కగా చెప్పారు. నాకెంతో నచ్చింది. బట్టతలకు మా తైలం వాడండి." ఆవిడ వెనక మరో ఆరొందలమంది అదే మాట అన్నారు. ఏలియమ్మ గుడ్లు ఎక్కడో అడుక్కి పోయాయి.

తంకమణి పరుగున వెళ్ళింది. "పొన్నప్పన్ అన్నా, మన గోడు ఆఫీసరు కంటబడే దారి లేదు. పైనంతా 'రద్దు నాకెంతో నచ్చింది' అనే ఉంది. ఆ బాట్లను తీసేస్తాను, ఒక్క మాట సరేనను."

"తీసేస్తావా?" అధ్యక్షులవారు నిర్ఘాంతపోయారు. "సభ్యుణ్ణి తీసెయ్యడమంటే ఏమనుకున్నావ్ అమ్మాయ్? నిబంధనావళి ఉంది. ముందు షోకాజ్ నోటీసివ్వాలి. సంజాయిషీ వినాలి. ప్రజాస్వామ్యం!"

"అవి మనుషులు కావన్నా."

"ఆ మాట వాళ్ళే చెప్పుకోవాలి. మనం ఎలా అంటాం?"

అన్న ప్రకారం నాలుగువేల షోకాజ్ నోటీసులు వెళ్ళాయి. సంఘం కట్టుబాటుకు విరుద్ధంగా తైలం ఎందుకు అమ్ముతున్నావు? రెప్పపాటులో నాలుగువేల సంజాయిషీలు వచ్చిపడ్డాయి. జెన్నిఫర్ 88 రాసింది: "మీరు చెప్పిన ప్రతి మాటతోనూ ఏకీభవిస్తున్నాను. మీలాంటి వారి వల్ల ఎంతో నేర్చుకుంటున్నాను."

పొన్నప్పన్ గారి కళ్ళు చెమర్చాయి. పార్టీలో చూశారు, సొసైటీలో చూశారు, సొంతింట్లోనూ చూశారు, విమర్శను ఇంత పెద్దమనసుతో స్వీకరించిన కార్యకర్త ఆయనకు తగల్లేదు. "చూశావా క్రమశిక్షణ! మన వాళ్ళున్నారు, ముప్పైమందీ. చందా అడిగితే మొహం చాటేస్తారు. మీటింగుకి పిలిస్తే పశువుకి బాగాలేదంటారు. ఈ జెన్నిఫర్‌ని ఉపాధ్యక్షురాలిని చేద్దామనుకుంటున్నా."

"ఒరేయ్ పొన్నప్పా, నీ పెళ్ళాంతో చెప్పమంటావా?" అంది అటుగా గుడ్ల బుట్టతో పోతున్న ఏలియమ్మ. దాంతో ఉపాధ్యక్ష పదవి విషయం వాయిదా పడింది.

తంకమణి మరో ఉపాయం పన్నింది. మనిషేనా కాదా అని తేల్చే పరీక్ష ఒకటి ఇంటర్నెట్‌లో రెడీమేడ్‌గా దొరికితే తెచ్చి ఫోరం గుమ్మానికి తగిలించింది. తొమ్మిది బొమ్మలుంటాయి, లాంచీ ఉన్నవాటిని ఎంచాలి. సరిగ్గా ఎంచినవాళ్ళకే రాసే హక్కు. లాంచీ మీదే బతికే జనానికి ఇంతకన్నా తేలికైన పరీక్ష ఏముంటుందని నవ్వుకుంది కూడా.

టీకొట్లో అందరూ ఫోన్లు తీశారు.

"ఇదిగో, ఒడ్డుకు కట్టేసి ఉంది చూడు, ఇది లాంచీయేనా?"

"కట్టేసి ఉంటే లాంచీ ఎలా అవుతుందిరా? కదలాలి కదా. మన శాఖవాళ్ళది కూడా షెడ్డులో ఒకటుంది. దాన్ని లాంచీ అంటే నా మనసొప్పదు."

"మరి ఈ పెద్దది? పైన ఇల్లులా ఉంది."

"అది టూరిస్టులది. లాంచీ కాదు, లాడ్జి."

"ఈ తెల్లదీ?" అడిగాడు టీకొట్టు యజమాని.

"అది మంత్రులెక్కేది," తేల్చేసింది ఏలియమ్మ. "మనల్ని ఎక్కించుకోనిది మనకు లాంచీ ఎలా అవుతుంది? వదిలెయ్."

వదిలేశారు. అందరూ మూడేసి సార్లు తప్పారు. మీరు మనుషులని నిర్ధారణ కాలేదు, క్షమించాలి అని పరీక్ష అందర్నీ బయటికి నెట్టింది. అసలేం జరిగిందో చూద్దామని తంకమణి కూడా పరీక్ష రాసింది. కట్టేసిన లాంచీ బొమ్మ దగ్గరకొచ్చేసరికి ఆవిడకూ చెయ్యి రాలేదు. ఆవిడా బయటపడింది. ఇంక ఫోరంని చదువుకోవచ్చు గానీ అక్షరం రాయడానికి లేదు, తీసేయడానికి లేదు. బాట్లు మాత్రం, ఏ మనోవ్యథా లేని జీవులు కాబట్టి, లాంచీలన్నీ గబగబా ఎంచేసి లోపలికెళ్ళి కూర్చున్నాయి.

"ఇప్పుడు తెలిసిందా ఎవరు మనుషులో?" అన్నారు పొన్నప్పన్ గారు. ఆయన ఎంతకీ పరీక్ష జోలికి పోలేదు. అధ్యక్షులకు పరీక్షలేమిటని.

శాఖవారు ప్రజాభిప్రాయాన్ని శ్రద్ధగా చదివారు. అంటే, ఏది నచ్చిందో చూడకుండా 'నచ్చింది'లు లెక్కపెట్టారు. రాష్ట్రం మొత్తం మీద ఇంత సంతృప్తిగా ఉన్న ప్రయాణికులు మరెక్కడా లేరని నివేదిక పంపారు. మంత్రిగారు పొంగిపోయి, ఆ నాలుగువేలమందినీ స్వయంగా సన్మానించడానికి బయల్దేరారు.

ముందురోజే పెద్ద పంటు పడవల మీద నాలుగువేల కుర్చీలొచ్చాయి. రేవులో సరిపోక పొలంగట్ల మీద వేశారు. అక్కడా సరిపోక చర్చి ఆవరణలో వేశారు. బాతులు నడవడానికి దారి లేకపోయింది. మర్నాడు మంత్రిగారు తెల్ల లాంచీ దిగి, దండ వేయించుకుని, కుర్చీల వంక చూశారు. ముందు రెండు వరసల్లో ముప్పైమంది కూర్చుని ఉన్నారు.

"మిగతావాళ్ళేరీ?"

పొన్నప్పన్ గారు జీవితంలో మొదటిసారి వెనక్కి తగ్గి, తంకమణిని ముందుకు నెట్టారు.

మంత్రిగారి వెనకున్న శాఖాధికారి గోపకుమార్ చెవిలో చెప్పినా అందరికీ వినబడింది. "ఉన్నది ముప్పైమందేనంటే ఆదరణ లేనట్టే సార్. రద్దు ఫైలు సంచిలోనే ఉంది. ఇక్కడే సంతకం పెట్టేయొచ్చు."

తంకమణి ఆ సంచి వంక చూసింది. ఇన్నాళ్ళూ అవి మనుషులు కావని నెత్తీనోరూ కొట్టుకున్న మనిషి. ఆ మాటే ఇప్పుడంటే రేపటి నుంచి లాంచీ లేదు. అబద్ధం ఆడాలంటే సిగ్గుగా ఉంది, నిజం చెప్పాలంటే భయంగా ఉంది. ఆసుపత్రి వార్డు కళ్ళముందు కదిలింది.

"పనులకెళ్ళారు సార్," అంది. "పొద్దుటి లాంచీలో."

"నాలుగువేలమందీనా?"

"అందరూ సార్."

"నా గుడ్లు కొనేదే వాళ్ళు బాబూ," అంది ఏలియమ్మ అందుకుని. "ఆ జెన్నిఫర్ ఒక్కతే రోజూ డజను తీసుకుంటుంది. బంగారు తల్లి."

"అంత చిన్న లాంచీలో నాలుగువేలమంది ఎలా పడతారమ్మా?"

"నిలబడి వెళ్తారు సార్," అంది తంకమణి.

మంత్రిగారు చలించిపోయారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. గోపకుమార్ సంచి మూసేశాడు. పొన్నప్పన్ గారికి ఊపిరొచ్చి, "నేనే నిలబెట్టాను సార్, నాయకత్వం వహించి" అన్నారు.

"నా ప్రజలు నిలబడి ప్రయాణం చేస్తుంటే ఈ ప్రభుత్వం కూర్చోదు!" అని మంత్రిగారు గర్జించి, అప్పటికే నిలబడి ఉన్నారు కాబట్టి, చెయ్యి పైకెత్తారు. "కొచ్చుతురుత్తుకు వంతెన మంజూరు చేస్తున్నాను! ఇప్పుడే, ఈ క్షణమే శంకుస్థాపన!"

మంత్రిగారి లాంచీలో అవసరానికి ఒక శిలాఫలకం ఎప్పుడూ ఉంటుంది. ఆయన పేరు చెక్కి, ఊరి పేరు దగ్గర ఖాళీ వదిలిపెట్టి ఉంటుంది. పొన్నప్పన్ గారు రంగు తెచ్చి ఆ ఖాళీలో ఊరి పేరు రాశారు. లాంచీ ఆగే చోటే, మెట్ల మీద, రాయి నిలబెట్టి కొబ్బరికాయ కొట్టారు. ముప్పైమంది చేతులు నొప్పిపుట్టేలా చప్పట్లు కొట్టారు. తంకమణి ఏలియమ్మను కావలించుకుని ఏడ్చింది. లాంచీ కోసం ఒక్క అబద్ధం ఆడితే వంతెనే వచ్చింది, ఇంకేం కావాలి?

మర్నాడు పొద్దున్న రేవుకొచ్చి నిలబడ్డారు. లాంచీ రాలేదు. ఇంజను మొరాయించిందేమో అనుకున్నారు. గుర్రపుడెక్కేమో అనుకున్నారు. అధ్యక్షులవారు రాత్రే మంత్రిగారి లాంచీలో పట్నం వెళ్ళారు, వంతెన నిర్మాణ కమిటీ అధ్యక్షులుగా. అడగడానికి ఆయనా లేరు.

తంకమణి ఫోన్ తెరిచింది. శాఖవారి ప్రకటన ఫోరంలో అన్నిటికన్నా పైన ఉంది: "కొచ్చుతురుత్తు వంతెనకు శంకుస్థాపన జరిగినందున, నేటి నుంచి లాంచీ సర్వీసు రద్దు చేయడమైనది. ప్రయాణికులు వంతెనను వినియోగించుకోవలసిందిగా మనవి."

దాని కింద అప్పుడే వెయ్యిమంది రాసేశారు.

"ఏమంటున్నారే?" అంది ఏలియమ్మ, గుడ్ల బుట్ట నెత్తికెత్తుకుని, దూరంగా వస్తున్న నాటుపడవ వంక చూస్తూ.

"వంతెన మీద గాలి బాగుందట పెద్దమ్మా," అంది తంకమణి, చెప్పులు చేత్తో పట్టుకుని మోకాలిలోతు నీళ్ళలోకి దిగుతూ.