సబ్బు పూసిన కుక్కరు

గురువారం పొద్దున్న జడ వేసుకుంటూ భార్య చెప్పిన పని చాలా చిన్నది. శనివారం ఆమె అక్కాబావల కుటుంబంతో కలిసి కొండ మీద చెరువు పక్కన గుడారాలు వేసుకుని రెండు రోజులు ఉండాలనుకున్నారు. అక్కడ వంటకి కావలసిన గిన్నెలు ఏరి, తోమి పెట్టాలి.

"అటకంతా దించకండి. తేలిగ్గా ఉన్నవి, ఒకదాంట్లో ఒకటి ఇమిడేవి, నాలుగే తియ్యండి. మోసేది మనమే," అంది.

"ఈ పని నాకొదిలెయ్. నువ్వు తిరిగి చూసుకోనక్కర్లేదు."

"అదే నా భయం," అని ఆమె బడికి వెళ్ళిపోయింది. ఒకటో తరగతి టీచరు. ఎంత భయం వేసినా గొంతు మారదు.

భర్త బీమా ఏజెంటు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉన్నా, ఇంటా బయటా అందరూ అతన్ని జాగ్రత్తరావు అనే పిలుస్తారు. మెట్ల మీంచి జారిపడ్డవాళ్ళ గురించీ, స్నానాల గదిలో కరెంటు కొట్టినవాళ్ళ గురించీ చెప్పి పాలసీలు అమ్ముతాడు. వినేవాళ్ళు భయపడినా మానినా, చెప్పేటప్పుడల్లా తను మాత్రం కొత్తగా భయపడతాడు.

నిచ్చెనెక్కి గిన్నెలు దించాడు. ఇనప మూకుడు కాలి మీద పడితే వేళ్ళు పోతాయి. నాన్‌స్టిక్ పెనం కట్టెల మంట మీద పెడితే పూత కాలి పొగ పీల్చాల్సివస్తుంది. గాజు మూత పగులుతుంది, ప్లాస్టిక్ పిడి కరుగుతుంది. ఇలా ఒక్కో గిన్నెలో ఒక్కో ప్రమాదం కనబడగా, చివరికి రెండు పల్చటి స్టీలు గిన్నెలు, ఒక మూత, మూడు లీటర్ల ప్రెషర్ కుక్కరు మిగిలాయి. కొండ మీద నీళ్ళు తొందరగా మరిగిపోతాయి, పప్పు మాత్రం ఉడకదు. అందుకని కుక్కరు తప్పదు. పైగా అది అత్తగారు ఇచ్చినది.

తోమడం బాగానే మొదలైంది. మూత మీదున్న సేఫ్టీ వాల్వు చుట్టూ పేరుకున్న జిడ్డు మాత్రం ఎంతకీ వదల్లేదు. స్క్రూడ్రైవరుతో గీకాడు. జిడ్డు వదిలింది, దాంతోపాటు వాల్వూ వదిలింది. గుండ్రంగా దొర్లుకుంటూ వెళ్ళి సింకు తూములో పడిపోయింది.

కన్నం వంక కాసేపు చూశాడు. పనిముట్ల డబ్బాలోంచి ఒక బోల్టు తీసి పెట్టి చూస్తే కొలతకి చేయించినట్టు సరిపోయింది. నట్టు బిగించాడు. సాయంత్రం కొత్త వాల్వు కొని వేసేస్తే ఎవరికీ తెలియదు. ఆఖర్న, కట్టెల పొయ్యి మసి తేలిగ్గా వదలాలంటే గిన్నెలకి బయట ముందే సబ్బు పూయాలని ఆఫీసులో ఎవరో చెప్పిన చిట్కా గుర్తొచ్చి, అన్నింటికీ దట్టంగా పూసి, ఆరబెట్టి, ఆఫీసుకి వెళ్ళాడు.

పదకొండున్నరకి భార్య ఫోన్ చేసింది.

"అక్క తన దగ్గరున్న తాళంచెవితో మనింటికెళ్ళి కుక్కరు తీసుకెళ్ళిందిట. ఎనిమిదిమందికి అందులో ఎంత పప్పు పడుతుందో ఇవాళే ఉడికించి చూస్తుందిట. మసి అంటకుండా సబ్బు కూడా పూశారని మిమ్మల్ని తెగ మెచ్చుకుంది."

 ఫోన్ పెట్టేశాక జాగ్రత్తరావు తనకి తనే ధైర్యం చెప్పుకున్నాడు. వాల్వు లేకపోతే ఏం, విజిలు గొట్టం ఉందిగా, ఆవిరి అందులోంచి పోతుంది. అప్పుడు కుడిచేతి బొటనవేలు గుర్తొచ్చింది. పొద్దున్న మూతకి సబ్బు రాస్తూ, ఏ మూలా వదలకూడదని, ఆ గొట్టంలోకి కూడా సబ్బు కూరిన వేలది. ఈపాటికి గట్టిగా ఆరిపోయి ఉంటుంది. అంటే ఆవిరికి దారే లేదు.

 వదినకి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు, మళ్ళీ ఎత్తలేదు. తోడల్లుడికి చేద్దామా అనుకున్నాడు గాని, అతని చెవిన పడ్డ మాట ప్రతి విందులోనూ కూరతోపాటు వడ్డిస్తాడు. చివరికి వాళ్ళ భవనం వాచ్‌మన్‌కి చేశాడు.

"మూడో అంతస్తులో మా వదినగారింట్లో గ్యాసు లీకవుతోంది! పొయ్యి ముట్టుకోవద్దని చెప్పి ఆవిణ్ణి కిందికి తీసుకురా!"

"ఈ వేళకి మీరు ఆఫీసులో ఉంటారు కదా సార్? వాసన అక్కడిదాకా వచ్చిందా?"

"వాదించకు! పరిగెత్తు!"

వాచ్‌మన్ జాగ్రత్తరావు దగ్గరే పాలసీ తీసుకున్నాడు. ప్రమాదమంటే ఎలా ఉంటుందో అతనికి వివరంగా తెలుసు. ఒక్క తలుపుతో ఆగకుండా ఇరవైనాలుగు తలుపులూ బాదాడు, గంట మోగించాడు, కరెంటు మెయిన్ ఆపేశాడు. ఎవరో అగ్నిమాపక దళానికి ఫోన్ చేశారు.

జాగ్రత్తరావు స్కూటరు మీద వచ్చేసరికి వీధంతా జనం. ఒకాయన సగం గడ్డానికి నురగతో నిలబడ్డాడు. ఒక ముసలావిడ పళ్ళసెట్టు డబ్బా గుండెకి హత్తుకుంది. ఎర్ర బండి ముందు హెల్మెట్ పెట్టుకున్న అగ్నిమాపక అధికారిణి వదినని ప్రశ్నలడుగుతోంది. కబురు అంది తోడల్లుడు వచ్చాడు, బడి నుంచి భార్యా వచ్చేసింది. వదిన క్షేమంగా ఉండటం చూసి అతను ఊపిరి పీల్చుకోబోయాడు.

"పొయ్యి మీద ఏమైనా ఉందా?" అంది అధికారిణి.

"పప్పేసి కుక్కరు పెట్టానండీ. ఇంతలో వాచ్‌మన్ తలుపు బాదాడు. కంగారులో పొయ్యి వెలిగించానో లేదో గుర్తు రావట్లేదు," అంది వదిన ముక్కు చీదుతూ.

అధికారిణి తలూపి, మెట్లవైపు నడిచింది. ఇరవయ్యేళ్ళు పాలసీలు అమ్మినా, ఒక మనిషి తన మూలాన ప్రమాదంలోకి నడిచివెళ్ళడం జాగ్రత్తరావు ఎప్పుడూ చూడలేదు. ఆమె మూడో మెట్టు ఎక్కేసరికి కాళ్ళు వాటంతటవే కదిలాయి.

"అమ్మా, వెళ్ళొద్దు! ఆ కుక్కరు పేలుతుంది! దాని వాల్వు ఊడగొట్టి బోల్టు బిగించింది నేనే. విజిలు గొట్టంలో సబ్బు కూరిందీ నేనే. గ్యాసు లీకన్నది ఉత్త అబద్ధం. నిజం చెప్పడానికి భయమేసి చెప్పాను!"

 గడ్డం ఆయన చెంప మీది నురగ కింద పడింది.

"అత్తయ్యగారిచ్చిన కుక్కరా?" అన్నాడు తోడల్లుడు నెమ్మదిగా, వచ్చే విందు ఇప్పటినుంచే కనబడుతున్నట్టు.

అతను భార్య వైపు తిరిగాడు. గొంతు మారని మనిషికి మాటే రాకపోవడం చూసి అతనికి ఇంకా భయమేసింది.

అధికారిణి ముఖం మీదికి అద్దం దించుకుని, "అందరూ వెనక్కి జరగండి," అని పైకి వెళ్ళింది. జనం వెనక్కి జరిగారు. జాగ్రత్తరావు మాత్రం జరగలేదు. ఆమె కిందికి వచ్చేదాకా అక్కడే ఉండాలనిపించింది. ఒక్కో క్షణం ఒక్కో విజిలుగా లెక్కపెట్టుకుంటూ, మూడో అంతస్తు కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు. పక్కకి ఎవరో వచ్చి అతని చెయ్యి పట్టుకున్నారు. భార్య. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"వెనక్కెళ్ళు," అన్నాడు.

"మిమ్మల్ని తిట్టేదాకా ఎక్కడికీ వెళ్ళను," అంది.

చాలాసేపటికి అధికారిణి దిగివచ్చింది. ఒక చేతిలో కుక్కరు, మరో చేతిలో జానెడు రబ్బరు ట్యూబు.

"పొయ్యి వెలిగించలేదు. వెలిగించి ఉంటే మనం ఇలా మాట్లాడుకునేవాళ్ళం కాదు," అని ట్యూబు వంచి చూపించింది. పొడుగునా పగిలి ఉంది. "వంటిల్లు నిండా గ్యాసు. కిటికీలన్నీ మూసున్నాయి. మీకు వాసన తెలీలేదా అమ్మా?"

"మూడు రోజులుగా జలుబండీ," అంది వదిన. అంటూనే మెట్టు మీద కూలబడింది. తోడల్లుడు గబగబా వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు. మొదటిసారిగా అతని దగ్గర జోకు లేదు.

"ఇంతకీ లీకని మీకు చెప్పింది ఈయనేనా?" అని అధికారిణి వాచ్‌మన్‌ని అడిగింది.

వాచ్‌మన్ గర్వంగా చూపుడువేలు చాచాడు. అరవైమంది జాగ్రత్తరావు వైపు తిరిగారు. ఇందాక నిజం విని రాయి విసిరేలా చూసిన ముసలావిడే వచ్చి అతని తల నిమిరింది. గడ్డం ఆయన పాలసీ వివరాలు అడిగాడు. వదిన మాత్రం కూర్చున్నచోటి నుంచే, "ఆ సబ్బుకి భయపడి మీరు వాచ్‌మన్‌కి ఫోన్ చెయ్యకపోయుంటే నేను పోయేదాన్ని, మరిదిగారూ," అని ఏడుస్తూ నవ్వింది.

"అయితే మీకెలా తెలిసింది?" అధికారిణి నివేదిక కాగితం తీసి అతన్ని అడిగింది.

"తెలీదమ్మా," అన్నాడు జాగ్రత్తరావు. ఇంకో అబద్ధానికి అతనిలో ఓపిక లేదు. "నిజంగా తెలీదు."

ఆమె అతనివైపు, బోల్టువైపు, మళ్ళీ అతనివైపు చూసి, 'ప్రమాదాన్ని ముందుగా పసిగట్టిన విధానం' అన్న గడిలో ఒకే ఒక్క మాట రాసింది: అబద్ధం.