నత్తల్ని చంపిన నీళ్ళకు సన్మానం

వంకలో నత్తలు చచ్చాయంటే ఊరు బాగుపడినట్టే! ఈ మాట దారిన పోయే దానయ్య అన్నది కాదు. ఆదోని కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే శ్రీపాదరావు గారు, ఎనభై మూడులో, మనస్ఫూర్తిగా నమ్మి అన్నది.

నమ్మకేం చేస్తారు? గొర్రెల కాలేయాన్ని తినేసే జలగ రోగం నత్తల వల్లే వస్తుందని ఏళ్ళ తరబడి పాఠం చెబుతున్నారాయన. నత్తలకు మందు కొట్టించమని ప్రభుత్వాన్ని వేడుకున్నారు. ప్రభుత్వం నత్తకంటే నెమ్మది!

అంతలో ఎమ్మిగనూరు పక్కన దేవేంద్రప్ప నూలుకు రంగులద్దే మిల్లు పెట్టి, వాడేసిన నీళ్ళు వంకలోకి వదిలాడు. వానాకాలం తిరిగొచ్చేసరికి నత్తలు పోయి, గుల్లలు మిగిలాయి. పైసా ఖర్చు లేదు, ఫైలు కదిలింది లేదు. ఇది కాదూ ప్రజాసేవ! పైగా వంక ఒకరోజు ఎరుపు, ఒకరోజు పసుపు. ఏ జిల్లా వంకకుందండీ అంత సోకు?

వంక ఒడ్డున బాతులు పెంచే గుల్జార్ బీకి మాత్రం ఈ అభివృద్ధి అర్థం కాలేదు. బస్సెక్కి ఆదోని వచ్చింది.

"నత్తలు లేక నా బాతులు ఎండుకపోతాండాయి సారూ. గుడ్లు పెట్టేది మానేసినాయి."

"రోగం పోయిందమ్మా, సంతోషించు. బాతులకు తిండి మార్చి చూడు" అన్నారాయన జాలిగా.

"మారిస్తే అవి తినొద్దా సారూ? వాటికెవరు సెప్పాల?"

ఆమె వెళ్ళాక శ్రీపాదరావు గారికి మనసులో ఏదో గుచ్చుకుంది. ఒకసారి వంక చూసొద్దామనుకున్నారు. అంతలోనే, నత్తల చావును ఆయన మెచ్చుకున్నారని తెలిసి, మిల్లు నుంచి సన్మానానికి పిలుపు వచ్చింది. చూసినట్టూ ఉంటుంది, శాలువా కప్పించుకున్నట్టూ ఉంటుంది!

షామియానా కింద ఆయనకు శాలువా కప్పారు. దేవేంద్రప్ప మైకు అందుకుని, వంక దిగువనున్న పల్లె నుంచి రప్పించిన గొర్రెల కాపరి బసన్నను ముందుకు పిలిచాడు.

"సెప్పప్పా బసన్నా! గొర్రెలకు జలగ రోగం పోయిందా, లేదా?"

"పోయింది సామీ."

చప్పట్లు మోగాయి. అవి ఆగేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు బసన్న.

"ఇంగ రోగం వచ్చేదానికి గొర్రెలు యాడుండాయి సామీ? ఈ రంగునీళ్ళు తాగి మందంతా సచ్చిపోయింది."

దేవేంద్రప్ప చటుక్కున మైకు తన నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"సూసినారా! ఇంగ ఆ రోగం మళ్ళా వచ్చే దారే లేదు!"

ముందు వరుస మళ్ళీ చప్పట్లు కొట్టింది.

శ్రీపాదరావు గారి చేతులు లేవలేదు. మెల్లగా వేదిక దిగి వచ్చి, శాలువా తీసి బసన్న భుజాన వేశారు.

"తప్పు నాదేనప్పా. వచ్చి చూడాల్సింది" అన్నారు.

బసన్న ఆ శాలువా కొసను వేళ్ళతో నలిపి చూశాడు.

"మంచి ఉన్ని సారూ" అన్నాడు. "ఈ గొర్రె మన వంక నీళ్ళు తాగినట్టు లేదు."