సింగినాథం గారి ఈత పట్టా

ఒక పెద్ద అడవిలో అన్నీ ఉన్నట్టే ఒక కాలేజీ కూడా ఉంది. అక్కడ ఈత నేర్పి పట్టా ఇస్తారు. పట్టా ఉన్నవాడికే రేవులో ఉద్యోగం. ఏరు దాటలేని జంతువులను వీపున ఎక్కించుకుని అవతలి ఒడ్డుకు చేర్చాలి. జీతం పూటకో బుట్టెడు చేపలు.

సింగినాథం అనే ముసలి నక్క కన్ను ఆ చేపల మీద పడింది. పాపం, పళ్ళు ఊడిపోయాయి, వేట సాగడం లేదు. ఈ ఉద్యోగం రాకపోతే వానాకాలం గడవదు. చిక్కల్లా ఒక్కటే, నీళ్ళంటే అతనికి చచ్చేంత భయం.

కాలేజీ రిజిస్ట్రారు పట్టాభి గారు ఉడుము. రూలు పట్టుకున్నాడంటే వదలడు.

"అయ్యా, ఈ వయసులో క్లాసుల్లో కూర్చోలేను. బయట నేర్చుకున్నది కలుపుకుంటారా?" అని అడిగాడు సింగినాథం.

"భేషుగ్గా! దాన్నే క్రెడిట్ల బదిలీ అంటారు. మా పాఠంలో ఉన్న మాట నీ అనుభవంలోనూ ఉంటే చాలు. మొదటి పాఠం, మునిగి తేలడం. చేశావా?"

"కుర్రతనమంతా కల్లులో మునిగి తేలానండీ."

"సరిపోయింది. ఎదురీత?"

"పెళ్ళాం పోయాక నలుగురు పిల్లల్ని ఒక్కణ్ణే సాకాను. బతుకంతా ఎదురీతే."

"అయ్యో! దానికి రెండు క్రెడిట్లు ఎక్కువే వేస్తాను. గట్టెక్కడం?"

"ఇన్నాళ్ళూ పులి నోట పడకుండా గట్టెక్కానండీ."

ఇక రాతపరీక్ష మిగిలింది. ఈత గురించి నీకు తెలిసినది రాయుము అని ప్రశ్న. సింగినాథం ఈత చెట్టు గురించీ, ఈత పళ్ళ గురించీ, ఈతాకు చాపల గురించీ పేజీలు నింపేశాడు. దిద్దే కొంగ మాస్టారు, "ఇది వేరే ఈత కదండీ," అని నసిగాడు.

"అక్షరాలు అవే కదటయ్యా!" అన్నాడు పట్టాభి.

సింగినాథానికి ఫస్టు క్లాసు వచ్చింది. తోక కొస కూడా తడవలేదు.

ఎండాకాలమంతా ఏట్లో నీళ్ళు మోకాలి లోతే కాబట్టి నడిచే దాటించాడు. చేపలు తిని ఒళ్ళు కూడా చేశాడు. ఇంతలో వానలు పడి ఏరు పొంగింది. సరిగ్గా అప్పుడే సింహం గారి కబురు వచ్చింది. అందరికంటే ఎక్కువ పట్టాలు ఇచ్చినందుకు పట్టాభికి అవతలి ఒడ్డున సన్మానమట!

పట్టాభి ముస్తాబై రేవుకు వచ్చి నక్క వీపెక్కాడు.

"ఇవాళ వద్దండీ," అన్నాడు సింగినాథం.

"పట్టా ఇచ్చింది నేను. నీ సంగతి నాకు తెలియదూ? పద!"

నడి ఏట్లో కాళ్ళకింద నేల తప్పిపోయింది.

"మునిగి తేలవయ్యా! తేలు!" అని అరిచాడు పట్టాభి.

"మునగడం అయిందండీ, తేలడమే రావట్లేదు! నా మెడ వదలండి మహాప్రభో!"

"వదలడం నాకు రాదురా!"

అదృష్టం బాగుండి ఆ పక్కనే ఒక దున్నపోతు ఈదుకుంటూ వెళుతోంది. ఇద్దరూ దాని తోక దొరకబుచ్చుకున్నారు. అది వెనక్కి తిరిగి కూడా చూడకుండా బయల్దేరిన ఒడ్డునే వాళ్ళను పడేసి మేతకు పోయింది. సన్మానం గంగలో కలిసింది.

సింగినాథం బావురుమన్నాడు. "నా పట్టా పోయినట్టేనా అండీ?"

"ఎందుకు పోతుంది?" అన్నాడు పట్టాభి నీళ్ళు కక్కుకుంటూ. "రద్దు చేస్తే తప్పు నాదవుతుంది."

మర్నాడు రేవులో కొత్త బోర్డు వెలిసింది. 'విద్యార్థులు సింగినాథం గారి వీపు మీదను, కాలేజీ సిబ్బంది దున్నపోతు మీదను ఏరు దాటవలెను.'

నీతి: పట్టా ఎవరికైనా ఇవ్వవచ్చు, వాడి వీపు మాత్రం మనం ఎక్కకూడదు.