ప్రత్యామ్నాయం లేని నీళ్ళు

టిన్ను నీళ్ళతో కందిపప్పు కడిగినందుకు ఆ ఉదయం వసుంధరకూ, ఆమె భర్త శేషగిరిరావు గారికీ మాటా మాటా పెరిగింది.

"అవి తాగడానికి కొంటున్న నీళ్ళు! పప్పు కడగడానికి పంపు నీళ్ళు లేవా?"

"పంపు నీళ్ళు అమృతమని మైకులో చెప్పింది మీరే కదండీ. మరి మీ కాఫీ ఏ నీళ్ళతో పెట్టమన్నారు?"

శేషగిరిరావు గారు కండువా దులిపి భుజాన వేసుకున్నారు. సర్పంచ్ అన్నాక ఇంట్లో అడిగే ప్రశ్నలకు కూడా జవాబివ్వడం మొదలుపెడితే ఇక ప్రజాసేవకు టైమెక్కడిది?

దివిసీమలోని ఆ ఊరికి బోరు ఆయన చలవే. పదేళ్ళ కిందట ప్రారంభోత్సవం నాడు పంపు తిప్పి, దోసిలి పట్టి, ఫొటో దిగి, ఆ నీళ్ళు జాగ్రత్తగా కింద వదిలేశారు. ల్యాబు రిపోర్టు మాత్రం మొన్ననే వచ్చింది. నీళ్ళలో ఆర్సెనిక్ ఉందట. ఏళ్ళ తరబడి తాగితే ఒంటిమీద మచ్చలు, అరచేతుల్లో కాయలు, చివరికి క్యాన్సర్ కూడా రావచ్చట. కాచినా పోదట.

చేపలు తెచ్చే పున్నమ్మ అరచేతులు అప్పటికే గింజలు గింజలుగా గట్టిపడ్డాయి. "బందరు డాక్టరు గారు నీళ్ళు మార్చమన్నారమ్మా. నేనూ మనవరాలూ ఇప్పుడు చెరువుకాడ ఫిల్టరు నీళ్ళే తాగుతన్నాం."

సంగతి తేల్చడానికి ఇంజనీరు భుజంగరావు గారు జీపు దిగారు. వసుంధర కాఫీ ఇస్తూ అంతా విన్నది.

"ఆర్సెనిక్ లీటరుకు పది మైక్రోగ్రాములు దాటకూడదండీ. మీ బోరులో నలభై ఉంది."

"మూసెయ్యమంటారా? ఎలక్షన్లండీ! శిలాఫలకం మీద నా పేరుంది!"

"కంగారుపడకండి. మా బీరువాలో పాత సర్క్యులరొకటి ఉంది. ఊరికి ప్రత్యామ్నాయం లేకపోతే యాభై దాకా తాగొచ్చు. మీకొచ్చిన చిక్కల్లా ఆ చెరువు ఫిల్టరే. అది ఉండబట్టే బోరు నీళ్ళు ప్రమాదకరం."

"అది లేకపోతే?"

"సురక్షితం."

శేషగిరిరావు గారిది చురుకైన బుర్ర. సాయంత్రానికల్లా ఫిల్టరుకు తాళం పడింది. "మన ఊరి నీళ్ళు నేటి నుండి సురక్షితం" అని మైకు ఊరంతా తిరిగింది. పైసా ఖర్చు లేకుండా నీళ్ళలో విషం తొలగించిన సర్పంచ్ అని మర్నాడు పేపర్లో ఫొటో కూడా పడింది.

ఆ ఫొటోను శేషగిరిరావు గారు ఫ్రేము కట్టించడానికి పంపించిన కాసేపటికి, పున్నమ్మ ఖాళీ బిందెతో పెరటి గుమ్మంలో నిలబడింది.

"తాళం ఏసేశారమ్మా. పిల్లకి ఏ నీళ్ళు పట్టాలి?"

వసుంధర బిందె లోపలికి తీసుకెళ్ళి, టిన్నులో ఉన్నవన్నీ అందులో ఒంపి ఇచ్చింది. తర్వాత ఫోను తీసింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర శేషగిరిరావు గారు కొత్తావకాయ ముద్ద మింగి, గ్లాసెత్తి, ఒక గుక్క తాగి మొహం చిట్లించారు.

"ఏం నీళ్ళివి?"

"పంపువండీ."

పక్కన కూతురు వర్షిణి కూడా గ్లాసు ఎత్తబోయింది. ఆయన ఎంగిలి చేత్తోనే లాగేసుకున్నారు.

"నువ్వు తాగకు!"

"ఏం నాన్నా, మంచివి కావా?"

శేషగిరిరావు గారు భార్య వైపు చూశారు. వసుంధర ఆయనకు మారు వడ్డించి, నెయ్యి వేస్తూ నిదానంగా చెప్పింది.

"ఇవాళ్టికి కావే అమ్మా. టిన్నబ్బాయిని ఇక రావద్దని చెప్పేశాను. రేపు పొద్దుటికల్లా మనింటి నీళ్ళు కూడా సురక్షితం."