ఐదింటికి తూటాల జల్లు

ఆ ఉదయం అనువాదకుడు పెట్టుకున్న పని చిన్నదే. టీ వచ్చేలోగా ఒక్క నోటీసు తెలుగులో రాసిచ్చి, పంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మర్నాడు సాయంత్రం గిడ్డంగి వాళ్లకూ రవాణా వాళ్లకూ వాలీబాల్ పోటీ, అదీ నోటీసు.

చిక్కల్లా కొత్త మేనేజరుతోనే. ఆయనకు ఒక్క ఇంగ్లీషు ముక్క కనబడకూడదు. అనువాదకుడి ఉద్యోగం ఖాయం చేస్తూ సంతకం పెట్టవలసిందీ ఆయనే.

నిఘంటువు తీశాడు. 'వాలీ'కి మొదటి అర్థం, ఒక్కసారిగా పేలే తూటాల జల్లు. రెండో అర్థం చూడబోతుంటే పన్ను సలిపింది. పుస్తకం మూసి రాసేశాడు:

"రేపు సాయంత్రం ఐదింటికి వెనుక ఆవరణలో గిడ్డంగి, రవాణా విభాగాల మధ్య తూటాల జల్లు. ఇరువైపులా ఆరుగురు చొప్పున నిలబడవలెను. తక్కినవారు చూచుటకు రావలెను."

"భేష్," అని మేనేజరు సంతకం పెట్టాడు.

మధ్యాహ్నానికల్లా గిడ్డంగిలో నలుగురికి జ్వరం వచ్చింది. రవాణాలో ఒకాయన తన కుర్చీ మీది దిండు ఎవరికి చెందాలో కాగితం మీద రాసిపెట్టాడు. ఒక తోపుడుబండి విషయంలో మాటలు మానేసిన గిడ్డంగి పెద్ద, రవాణా పెద్ద అయిన తన బావకు పదేళ్ల తర్వాత ఫోన్ చేశాడు.

"బావా, ఆ బండి సంగతి ఇంకా మనసులో పెట్టుకున్నావా?"

"ఎప్పుడో మర్చిపోయాన్రా. మీ వైపు తుపాకులెన్ని?"

"ఒక్కటీ లేదు."

"మాకూ లేదు. మరి ఇచ్చేదెవరు?"

ఇద్దరూ కలిసి పోలీసులకు చెప్పారు. వేళ నోటీసులోనే ఉంది కాబట్టి పోలీసులు తొందరపడలేదు. మర్నాడు సరిగ్గా ఐదింటికి ఆరుగురు పోలీసులు దిగారు. ఆవరణలో వలా, మేనేజరూ, అనువాదకుడూ, రెఫరీగా వచ్చిన అతని భార్యా కనిపించారు. ఆవిడ డ్రిల్ టీచరు.

ఇన్‌స్పెక్టరు నోటీసు చదివి వినిపించాడు. ఆవిడ ఈల కిందికి దించింది.

"బంతిని నేల తాకనీయకుండా గాల్లోనే కొట్టడాన్ని వాలీ అంటారండీ. ఎగరడం అనే మాటలోంచి వచ్చింది. మొదట్లో ఈ ఆట పేరు మింటనెట్. ఆట చూసినాయనొకరు ఈ పేరు బాగుంటుందన్నారట."

తర్వాత భర్త వైపు తిరిగింది. "ఇంట్లో డ్రిల్ టీచర్ని పెట్టుకుని నిఘంటువునడిగారా?"

"అదీ సగమే," అన్నాడతను.

కిటికీల వెనక నక్కినవాళ్లు ఒక్కొక్కరే దిగివచ్చారు. కానీ బావాబావమరుదులు ఎదురెదురుగా నిలబడేది లేదన్నారు. "ఇప్పుడే కదండీ కలిశాం," అన్నాడు గిడ్డంగి పెద్ద. చివరికి రెండు విభాగాలూ ఒకవైపు, పోలీసులు రెండోవైపు ఆడారు. పోలీసులే గెలిచారు.

పదేళ్ల వైరం ఒక్క నోటీసుతో తీరిందని మేనేజరు అనువాదకుడి ఉద్యోగం ఖాయం చేశాడు. ఆ ఉత్తర్వు తెలుగులో రాసే పని కూడా అతనికే పడింది. అది చదివిన వాళ్లలో సగంమంది వచ్చి అతణ్ని ఓదార్చి వెళ్లారు.