మాల్కమ్ ఆర్మిటేజ్ ఓడిపోవాలి

ఆ గురువారం పొద్దున మాల్కమ్ ఆర్మిటేజ్ పెట్టుకున్న పనులు పెద్దవేమీ కావు. భార్య లొరెయిన్‌ను ఆరున్నర రైలుకు పంపించాలి. కుక్కను పార్కు చుట్టూ ఒక తిప్పు తిప్పుకు రావాలి. ఆ తర్వాత తలుపు వేసుకుని, టీ పెట్టుకుని, ఎవరి కంటా పడకుండా కూర్చుని, నగర కౌన్సిల్ ఎన్నికల్లో ఓడిపోవాలి.

ఓడిపోవడం తప్ప ఆ ఎన్నికలతో అతనికి వేరే సంబంధం లేదు. నెల కిందట క్లబ్బులో బీరు గ్లాసు ముందుపెట్టి, పాత స్నేహితుడు బారీ ఓగ్డెన్ నామినేషను కాగితం మీద సంతకం చేయించుకున్నాడు. మూర్‌టాప్ వార్డులో బారీ పార్టీ గెలిచిన దాఖలా లేదు. అలాగని ఎవరినీ నిలబెట్టకపోతే ఇప్పుడున్న కౌన్సిలర్ క్లైవ్ రామ్స్‌డెన్ పోటీ లేకుండా గెలుస్తాడు, అది పార్టీకి నామోషీ. అందుకని ప్రతిసారీ ఎవరో ఒకరి పేరు రాసి పడేస్తారు. ఆ మనిషి ఇల్లు కదలడు, కరపత్రం పంచడు, బుద్ధిగా ఓడిపోతాడు.

"పేరుకేరా," అన్నాడు బారీ. "రామ్స్‌డెన్ ఇరవయ్యేళ్ల బట్టీ ఉన్నాడు. నువ్వు గెలవాలన్నా గెలవలేవు."

"లొరెయిన్‌కు తెలిస్తే చంపేస్తుంది."

"ఎలా తెలుస్తుంది? నోటీసు బోర్డు ఎవరైనా చదువుతారా?"

లొరెయిన్ చంపేయడానికి కారణం ఉంది. ముప్పయ్యేళ్లు బడి వంటింట్లో బంగాళదుంపలు ఉడికించి ఉడికించి ఆమె కోరుకున్నది ఒక్కటే, ఫైలీలో సముద్రం కనిపించే చిన్న ఇల్లు. ఇన్నాళ్లకు అది దొరికింది. ఇక్కడి ఇల్లు అమ్ముడుపోయింది. వచ్చే నెల సామాన్ల లారీ వస్తుంది. ఇప్పుడు మాల్కమ్ గెలిస్తే నాలుగేళ్లు ఈ బ్లాక్‌రిగ్ నగరంలోనే వానలో చెత్తబుట్టల సంగతి చూసుకుంటూ పడి ఉండాలి. గెలిచి రాజీనామా చేస్తే మళ్లీ ఎన్నిక, ఊరి ఖర్చు, పేపర్లో ఫొటో, లొరెయిన్‌కు తలవంపులు. కాబట్టి మాల్కమ్ ఓడిపోవాలి. ఓడిపోయినట్టు కూడా ఆమెకు తెలియకూడదు.

పోలింగు ఏడింటికి మొదలవుతుంది. బ్యాలెట్ కాగితం మీద మొగుడి పేరు చూసి లొరెయిన్ గుండె ఆగిపోకుండా, ఫైలీ ఇంటి కిటికీలకు కర్టెన్ల కొలతలు తీసుకురమ్మని అతనే ఆరున్నర రైలుకు టికెట్టు కొన్నాడు. పెళ్లయ్యాక మాల్కమ్ ఇంత ముందుచూపుతో చేసిన పని మరొకటి లేదు. టాక్సీ మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి, ఈల వేసుకుంటూ లోపలికొచ్చాడు.

ఎనిమిదింటికి బారీ పెరటి గేటు తోసుకుని వచ్చాడు. వచ్చీ రాగానే మాల్కమ్ కోటుకు పార్టీ గుర్తుగా పళ్లెమంత గోధుమరంగు రిబ్బను పువ్వు గుచ్చాడు.

"ఒక్క గంట పోలింగు జరిగే చర్చి హాలు బయట కుర్చీ వేసుకుని కూర్చో. పార్టీ ఉందని తెలియాలి కదా."

"ఇల్లు కదలక్కర్లేదన్నావు."

"కదలమనట్లేదు. కూర్చోమంటున్నాను."

వాళ్లు ఈ సంగతి తేల్చుకుంటూ ఉండగా, బారీ తెరిచి వదిలేసిన గేటులోంచి పిప్ వెళ్లిపోయింది. పిప్ విప్పెట్ జాతి కుక్క. ఒళ్లంతా కాళ్లే. ఎడమ చెవి ఎప్పుడూ మడతపడి ఉంటుంది. పరుగెత్తడం మొదలుపెడితే దాన్ని పట్టుకోవడం మాల్కమ్ వల్ల అయ్యే పని కాదు. పైగా లొరెయిన్‌కు మొగుడి తర్వాత పిప్ కాదు, పిప్ తర్వాతే మొగుడు.  మాల్కమ్ కోటుకు ఏముందో మరిచిపోయి వీధిలోకి పరుగెత్తాడు.

మొదటి ఇంటి తలుపు కొట్టాడు. ముసలి ఎడ్నా క్రాబ్‌ట్రీ తలుపు తీసి, ముందు ఆ పువ్వును, తర్వాత అతని మొహాన్ని చూసింది.

"ఏంటి నాయనా, ఓట్లకొచ్చావా?"

"కాదమ్మా. మీ పెరడు ఒకసారి చూడాలి."

ఎడ్నా నోరు తెరిచింది. ఆ ఇంట్లో కాపురం పెట్టినప్పటి నుంచీ ఓటడగడానికి వచ్చినవాళ్లు కాగితం తలుపు సందులో పడేసి పోయేవాళ్లే. పెరడు చూస్తానన్న మనిషి ఇతనొక్కడే. మాల్కమ్ చెత్తబుట్టల వెనక వంగి చూశాడు. గోడ కింద పాకాడు. మురికి కాలవ మూత ఎత్తి లోపలికి తొంగిచూశాడు.

"అదే నాయనా, అదే," అంది ఎడ్నా. "ఆ కాలవ గురించి రామ్స్‌డెన్‌కు చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. వాసన వస్తోందా?"

"వస్తోంది," అన్నాడు మాల్కమ్. అది నిజమే.

"ఏమైనా చేస్తావా మరి?"

అతనికి తొందరగా బయటపడాలి. "చూస్తానమ్మా. సందులన్నీ చూడాలి. ఈ పూట ఒక్క సందు కూడా వదలను."

ఆ మాట అతని కంటే ముందు వీధి చివరికి చేరింది. నాలుగో ఇంటికల్లా జనం తలుపులు తీసి పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. అతను కార్ల కింద పడుకుని చూస్తుంటే, రోడ్డు గుంతల లోతు చూస్తున్నాడనుకున్నారు. పొదల్లో కర్ర పెట్టి కెలుకుతుంటే, సీసా పెంకులు ఏరుతున్నాడనుకున్నారు. కిరాణా కొట్టు తారిఖ్ ఎదురొచ్చి టీ కప్పు చేతిలో పెట్టాడు.

"అన్నా, నిజం చెప్పు. దేనికోసం ఇంతలా తిరుగుతున్నావు?"

"కుక్క కోసం తారిఖ్. నా కుక్క తప్పిపోయింది."

తారిఖ్ చాలాసేపు నవ్వాడు. "ఓటు కోసమని ఒప్పుకోనివాణ్ని నిన్నొక్కణ్నే చూశాను. నా ఓటు నీకే, మా ఆవిడదీ నీకే."

"వద్దు బాబూ."

"చూశారా, వద్దంటున్నాడు," అని తారిఖ్ కొట్లో ఉన్నవాళ్లందరికీ చెప్పాడు.

మధ్యాహ్నానికి చర్చి హాలు ముందు వరస గేటు దాటింది. మూర్‌టాప్‌లో వరస అనేది చేపల కొట్టు ముందు తప్ప ఎక్కడా చూడని బారీ పరుగెత్తుకొచ్చాడు. మాల్కమ్ బస్సు షెల్టరు బెంచీ కింద తల దూర్చి ఉన్నాడు.

"ఒరేయ్, ఏం చేస్తున్నావురా నువ్వు? జనం వాన కూడా లెక్కచేయకుండా వస్తున్నారు."

"కుక్క పోయిందిరా. లొరెయిన్ రేపు వచ్చేస్తుంది."

"తిరగడం ఆపు. గెలుస్తావు."

"ఆపితే కుక్క దొరకదు."

బారీ తల పట్టుకున్నాడు. పార్టీలో చేరాక గెలుపు గురించి దిగులుపడాల్సిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు.

దీపాలు పెట్టేదాకా కాళ్లకు బలపం కట్టుకుని తిరిగినా పిప్ జాడ లేదు. ఒకరిద్దరు మాత్రం, ఒక సన్నకుక్క పక్క వీధిలో రామ్స్‌డెన్ వెంట పోతూ కనిపించిందన్నారు. రామ్స్‌డెన్‌కు కుక్క లేదు కాబట్టి మాల్కమ్ ఆ మాట పట్టించుకోలేదు. లొరెయిన్ ఫోన్ చేసి పిప్ ఎలా ఉందని అడిగితే, "హాయిగా ఉంది, ఇప్పుడే తిన్నది," అన్నాడు. అవతల ఆమె, "అలాగా," అని దీర్ఘం తీసింది.

లెక్కింపు మరునాటి పొద్దున వ్యాయామశాలలో. మాల్కమ్ అక్కడికి ఉరికంబం ఎక్కబోతున్నవాడిలా వెళ్లాడు. లోపల అడుగు పెట్టగానే కనిపించింది పిప్. క్లైవ్ రామ్స్‌డెన్ కాళ్ల దగ్గర కూర్చుని అతని సాండ్విచ్ తింటోంది. మాల్కమ్ మోకాళ్ల మీద పడి దాన్ని కావలించుకున్నాడు. అతనికి నిజంగానే కళ్లనీళ్లొచ్చాయి.

"నీదేనటగా," అన్నాడు రామ్స్‌డెన్ ఇబ్బందిగా. "నిన్న పొద్దున్నే నా వెంటపడింది. ఊరంతా తిప్పాను. అందరూ ఆగి ముద్దుచేసేవాళ్లే. జన్మలో నాకు అంత మర్యాద జరగలేదు." అంతలోనే అతని మొహం వాడిపోయింది. "అదే భయంగా ఉంది నాకు."

"నీకెందుకు భయం?"

రామ్స్‌డెన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఈసారి ఓడిపోదామనుకున్నానయ్యా. ఇరవయ్యేళ్లుగా ఆదివారం భోజనానికి కూర్చుని మాంసం కోస్తుంటే చెత్తబుట్టల గురించి ఫోన్లు. మానేస్తానంటే మా పార్టీవాళ్లు వినరు. నిన్న నువ్వు కాలవల్లో తలపెట్టి చూస్తున్నావని విని దేవుడే పంపాడనుకున్నాను."

మాల్కమ్ అతని వంక జాలిగా చూడబోయి, తన సంగతి గుర్తొచ్చి మానుకున్నాడు.

ఓట్లు లెక్కపెట్టారు. ఇద్దరికీ సమానంగా వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టమని ఇద్దరూ ఒకేసారి అడిగారు. ఎన్నికల అధికారిణి పొడుగాటి మనిషి, కళ్లద్దాలు ముక్కు మీదకు జార్చుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మళ్లీ లెక్కపెట్టారు. మళ్లీ సమానమే.

"నా కట్టల్లో ఇతనివి కలిశాయేమో చూడండి," అన్నాడు రామ్స్‌డెన్.

"అబ్బే, నా కట్టల్లోనే ఈయనవి ఉండి ఉంటాయి," అన్నాడు మాల్కమ్.

"ఇన్నేళ్లలో ఇంత పెద్దమనుషులను చూడలేదు," అంది అధికారిణి. "ఒక్క కాగితం మాత్రం అనుమానంగా ఉందని పక్కన పెట్టాం. ఇద్దరూ వచ్చి చూడండి."

ఆ కాగితం మీద ఓటరు గుర్తు పెట్టలేదు. పెన్సిలుతో కుక్క బొమ్మ వేశాడు. తల రామ్స్‌డెన్ గడిలో ఉంది, తోక మాల్కమ్ గడిలో ఉంది, నడుము మధ్య గీత మీద ఉంది.

"నిన్న కుక్కతో తిరిగింది ఈయన," అన్నాడు మాల్కమ్ గబగబా. "తల కూడా ఈయన గడిలోనే ఉంది. అనుమానమే లేదు."

"కుక్క ఎవరిది? ఇతనిది," అన్నాడు రామ్స్‌డెన్. "ఊరంతటికీ కుక్క పోయిందని చెప్పుకున్నది ఇతనే. ఓటు ఇతనికే."

ఎదురు మాట అనబోయి మాల్కమ్ ఆగిపోయాడు. కుక్కకు ఎడమ చెవి మడతపడి ఉంది. నాలుక ఒక పక్కకు వేలాడుతోంది. ఆ బొమ్మ అతను రోజూ చూసేదే. "పాలు తీసుకురా", "బల్బు మార్చు" అని ఫ్రిజ్ మీద అంటించే ప్రతి చీటీ కింద లొరెయిన్ వేసే బొమ్మ అది.  ఆమె ఆరున్నర రైలెక్కలేదు. ఈ కాగితం చేతిలోకి తీసుకుని, అతని పేరు చదివి, పెన్సిలు తీసుకుంది.

"ఓటరు ఉద్దేశం తెలియడం లేదు," అని అధికారిణి కాగితం మీద ముద్ర కొట్టింది. "ఈ ఓటు చెల్లదు. చీటీ తీయాల్సిందే. ఎవరి పేరు వస్తే వాళ్లు గెలిచినట్టు."

రెండు చీట్లు మడిచి ఎవరిదో టోపీలో వేశారు. మాల్కమ్ కళ్లు మూసుకున్నాడు. ఫైలీ ఇంటి కిటికీ, దాని ముందు కుర్చీలో లొరెయిన్, దూరంగా నీళ్లు. ఆ ఇల్లు చూడటానికి వెళ్లిన రోజు ఆమె ఆ కిటికీ దగ్గరే చాలాసేపు నిలబడింది. అది గుర్తొచ్చి అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"క్లైవ్ రామ్స్‌డెన్," అంది అధికారిణి.

మాల్కమ్ ఊపిరి పీల్చుకున్న చప్పుడు హాలంతా వినిపించింది. రామ్స్‌డెన్ చెయ్యి పట్టుకుని ఊపాడు, బారీని వాటేసుకున్నాడు, అధికారిణిని కూడా వాటేసుకోబోతే ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. గెలిచిన రామ్స్‌డెన్ కుర్చీలో కూలబడ్డాడు. వాళ్ల పార్టీవాళ్లు చుట్టూ చేరి చప్పట్లు కొడుతున్నారు. రామ్స్‌డెన్ జేబులో అప్పుడే ఫోన్ మోగుతోంది.

బయట సన్నగా వాన పడుతోంది. గోడ పక్కన గొడుగు వేసుకుని లొరెయిన్ నిలబడి ఉంది. పిప్ ఆమె మీదకు ఎగబడింది. మాల్కమ్ రెండడుగుల దూరంలోనే ఆగాడు.

"ఓడిపోయాను," అన్నాడు.

"సంతోషం."

"నీకు అన్నీ తెలుసు కదూ."

"నా బస్ పాసు ఇంట్లో మరిచిపోయానని తిరిగొస్తుంటే రైలు పోయింది. సరే, తర్వాతి రైలుకు ముందు ఓటేసి పోదామని వెళ్లాను. వెళ్తే నువ్వున్నావు, కాగితం మీద." ఆమె గొడుగు కొంచెం వంచింది. "అక్కణ్నుంచి రైలెక్కానో లేదో రామ్స్‌డెన్ ఫోన్ చేశాడు. పిప్ మెడపట్టీ మీద నా నంబరే కదా ఉంది. నేనే చెప్పాను, రేపటిదాకా తన దగ్గరే ఉంచుకుని నలుగురికీ కనిపించేలా తిప్పమని. కుక్కతో తిరిగేవాడికి నాలుగు ఓట్లు ఎక్కువ పడతాయి, నువ్వు కచ్చితంగా ఓడిపోతావని నా లెక్క, అది మాత్రం ఆయనకు చెప్పలేదు. నువ్వేమో ఇల్లిల్లూ తిరిగావట."

"కుక్కను వెతుకుతున్నాను లొరెయిన్."

"ఎడ్నా చెప్పింది. కాలవ బాగా చూశావని మెచ్చుకుంది."

 ఎప్పుడూ అంత తేలిగ్గా రాని మాట మాల్కమ్ నోట బయటికొచ్చింది. "తప్పయింది. నీ సముద్రం పోతుందేమోనని చచ్చేంత భయపడ్డాను."

లొరెయిన్ గొడుగు అతని మీదకు కూడా జరిపింది. ఇద్దరూ బస్సు షెల్టరు వైపు నడిచారు. కాసేపయ్యాక అతను అడిగాడు. "రామ్స్‌డెనే గెలవాలనుకున్నప్పుడు ఆయనకే వేసి ఉండొచ్చు కదా, ఓటు?"

"మన గుమ్మం ముందు గుంత పూడ్చమని ఎన్నేళ్లు అడిగాను. ఆయనకు వేయడానికి చెయ్యి రాలేదు. నీకు వేయడానికి అంతకంటే రాలేదు. మిగిలినవాళ్లలో బుద్ధి ఉన్నది ఎవరా అని ఆలోచించాను."

ఫైలీ వెళ్లాక కూడా, మాల్కమ్ సంతకం పెట్టాల్సిన కాగితం ఏది వచ్చినా ముందు పిప్ వాసన చూడాలన్నది ఆ ఇంట్లో నియమం.